షోగి పుస్తకాలు: ఏది ముందు, ఏది వెనుక

జపాన్ వాళ్ళ చదరంగం పేరు షోగి. నేర్చుకోవాలనుంది, ఏ పుస్తకం కొనమంటారు అని మా తార్నాకలో అడిగేవాళ్ళు మూడు రకాలు. ఒకరు చదరంగంలో ముదిరినవాళ్ళు. హంపి, హరికృష్ణ, హరిక, అర్జున్ ఎరిగైసి ఆటలన్నీ తిరగేసి, తమ రేటింగు ఒకచోట ఆగిపోయి, కొత్త రుచి వెతుక్కునేవాళ్ళు. రెండోవాళ్ళు ‘నరుటో’ చూసి, అందులో షికమరు ముందేసుకుని కూర్చునే ఆ బల్ల ఏమిటని ఆరా తీసినవాళ్ళు. మూడోవాళ్ళు ఇఫ్లూలో జపనీస్ చదివే పిల్లలు. 1958లో ఒక్క ఇంగ్లీషు కోసం మొదలై, 1972లో విదేశీ భాషల్నీ కలుపుకుని సీఫెల్ అయి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన క్యాంపస్ అది. పాతకాపులు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. పక్కనే ఉస్మానియా. ఇద్దరు కూర్చుని బల్ల పరుచుకోవడానికి చెట్టు నీడకు గాని, ఆర్ట్స్ కాలేజీ మెట్లకు గాని కొదవలేదు.

ఈ ముగ్గురూ ఇంటర్నెట్లో వెతికితే పుస్తకాల పేర్లు బారెడు దొరుకుతాయి. పేర్లలో తప్పేం ఉండదు. ఏది ముందు చదవాలో, ఏది రెండేళ్ళదాకా ముట్టుకోకూడదో మాత్రం ఎవరూ చెప్పరు. దాంతో చాలామంది ప్రారంభ ఎత్తుల పుస్తకంతో మొదలుపెట్టి, పదో పేజీ దగ్గర విసిగిపోయి, షోగి మనకు అబ్బదని తేల్చేసుకుంటారు. నా లెక్కలో ఈ ఆటకు కావలసిన సామగ్రి చాలా కొద్ది. నియమాలు చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి, లేదా దాని బదులు వీడియోలు. ఆటకట్టు సమస్యల పుస్తకం ఒకటి. అది జపనీస్‌దే అయి ఉండాలి. ఆ రెండింటి మధ్య ముప్పై చిల్లర జపనీస్ అక్షరాలు. మిగతావన్నీ తర్వాత.

ఎందుకో చెప్పాలంటే ఆట సంగతి నాలుగు మాటలు చెప్పక తప్పదు. బల్ల తొమ్మిది గడుల పొడవు, తొమ్మిది గడుల వెడల్పు. ఒక్కొక్కరికి 20 పావులు: రాజు, మన ఏనుగులా నడిచే హిషా ఒకటి, శకటులా నడిచే కాకు ఒకటి, బంగారు సేనానులు ఇద్దరు, వెండి సేనానులు ఇద్దరు, గుర్రాలు రెండు, ఈటెలు రెండు, బంట్లు తొమ్మిది. గుర్రం ముందుకే దూకుతుంది, వెనక్కి రాదు. ఈటె కూడా అంతే, నిలువునా ముందుకు. ఎదుటివాడి ఇలాకాలోని మూడు వరుసల్లో అడుగుపెట్టిన పావుకు పదోన్నతి దొరుకుతుంది, రాజుకూ బంగారానికీ తప్ప. ఇంతవరకు చదరంగం వచ్చినవాడు ఒక్క సాయంత్రంలో పట్టేస్తాడు.

తేడా అంతా తర్వాతి నియమంలో ఉంది. కొట్టిన పావు చచ్చిపోదు, మీ సైన్యంలో చేరుతుంది. మీ వంతు వచ్చినప్పుడు బల్లమీది పావును కదపడానికి బదులు, చేతిలో ఉన్నదాన్ని ఖాళీ గడిలో దించవచ్చు. కాబట్టి చదరంగంలోలా ఆట సాగేకొద్దీ బల్ల ఖాళీ కాదు, ఇంకా రద్దీ అవుతుంది. డ్రాలు అరుదు. ఏనుగూ బంట్లూ మిగిలిన ముగింపుల్ని నెలల తరబడి సాధన చేసినవాళ్ళకు ఆ చదువు ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఇంట్లో ఉన్న చదరంగం సెట్టుతో షోగి ఆడలేకపోవడానికీ ఇదే కారణం. నల్ల పావు పూటకోసారి తెల్లదైపోదు కదా. అందుకే షోగి పావులన్నీ ఒకే రంగులో, ఐదు మూలల చెక్కముక్కల్లా ఉంటాయి. మొన ఎవరివైపు తిరిగి ఉంటే వాళ్ళు శత్రువు.

వెండి సేనాని నడక చూస్తే మాత్రం మనవాళ్ళకు ముచ్చటేస్తుంది. ముందుకు ఒక గడి, నాలుగు మూలలకు ఒక్కో గడి. 1030 ప్రాంతంలో అల్ బిరూనీ మన దేశపు చతురంగం గురించి రాస్తూ ఏనుగు నడకను సరిగ్గా ఇలాగే చెప్పాడు: తొండం ఒకటి, కాళ్ళు నాలుగు, మొత్తం ఐదు గడులు. ఆ నడక థాయిలాండ్, బర్మా చదరంగాల్లోనూ నిలిచి ఉంది. మన దగ్గర ఏనుగు ఇప్పుడు బల్ల కొసదాకా దూసుకుపోయే పావు. కృష్ణదేవరాయలతో చదరంగమాడి ఎప్పుడూ గెలిచేవాడని చాటుపద్యం పొగిడిన బొడ్డుచర్ల తిమ్మన ఏ ఏనుగుతో గెలిచాడో పండితులు తేల్చాలి. మనం పుస్తకాల దగ్గరికి వద్దాం.

ఇంగ్లీషులో షోగి పుస్తకాలు తక్కువ. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద చదరంగం పుస్తకాలు ఎన్నో దొరుకుతాయి గాని షోగి పుస్తకం దొరుకుతుందని ఆశపడి వెళ్ళకండి. పాతవాటిలో ఒకటి ట్రెవర్ లెగెట్ 1966లో టటిల్ ప్రచురణగా రాసిన ‘షోగి: జపాన్స్ గేమ్ ఆఫ్ స్ట్రాటజీ’. లెగెట్ మనకు ఇంకో దారిలో చుట్టం. జూడో నిపుణుడు, బీబీసీ జపనీస్ విభాగాన్ని ఏళ్ళ తరబడి నడిపినవాడు. శంకరుల పేర ఉన్న యోగసూత్ర వివరణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిందీ ఆయనే. పుస్తకం హాయిగా చదివిస్తుంది. ఆటమీద మనసు పడటానికి బాగుంటుంది, ఆట పట్టుబడటానికి చాలదు. తర్వాత బ్రిటన్‌లో జార్జ్ హాడ్జెస్ 1976 నుంచి 1987 దాకా ‘షోగి’ అనే పత్రికను 70 సంచికలు నడిపాడు. జపాన్ బయట ఈ ఆటకు చదువరులు ఏర్పడ్డది చాలావరకు ఆ పత్రిక పుణ్యమే.

మొదటి పుస్తకంగా నేను ఓటు వేసేది జాన్ ఫేర్‌బెర్న్ రాసిన ‘షోగి ఫర్ బిగినర్స్’కు. 1984లో వచ్చింది. దీని గొప్ప ఏమిటంటే, నియమాలు అయిపోగానే ఓపెనింగుల జాబితా ముందు పెట్టి భయపెట్టదు. రాజును కోటలో ఎలా కూర్చోబెట్టాలి, చిన్న చిన్న దెబ్బలు ఎలా తీయాలి, చేతిలో ఉన్న పావు ఎక్కడ దించితే పోటు తగులుతుంది అన్నవి ముందు చెబుతుంది. రాసినాయనకు చదరంగం, గో అనే ఆట కూడా బాగా తెలుసు కాబట్టి చదరంగం ఆడేవాడు ఎక్కడ తడబడతాడో ఆయనకు ముందే తెలుసు. చిక్కల్లా కొత్త ప్రతి దొరకడంలో ఉంది. పాత ప్రతికి అడిగే ధర, దానిమీద ఓడ ఖర్చు చూస్తే విద్యార్థి జేబు ఒప్పుకోదు. ఓయూ గేటు ముందు జిరాక్స్ షాపులున్న ఊళ్ళో ఈ చిక్కును జనం ఎలా దాటుతారో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఒకే పుస్తకంలో అన్నీ కావాలనుకునేవాళ్ళకు టోనీ హాస్కింగ్ 1997లో తెచ్చిన ‘ది ఆర్ట్ ఆఫ్ షోగి’ ఉంది. ప్రారంభాలు, కోటలు, దాడులు, సమస్యలు, పూర్తి ఆటలు, అన్నీ సర్దాడు. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలనుకోవద్దు; పక్కన పెట్టుకుని, ఆడుతూ, సందేహం వచ్చినప్పుడు తెరవాల్సిన పుస్తకం. హబు యోషిహారు పేరుతో 2000లో వచ్చిన ‘హబూస్ వర్డ్స్’ మీద చాలామందికి మోజు. హబు అంటే తన కాలంలో షోగిని ఏలినవాడు, మన చదరంగంలోనూ ఫిడే మాస్టర్. 2014 నవంబరులో టోక్యోలో కాస్పరోవ్‌తో రెండు చదరంగం ఆటలాడి రెండూ ఓడినా ఎవరూ నవ్వలేదు. ఆ పుస్తకం మంచిదే. పది, పదిహేను ఆటలు ఓడినవాడికి మాత్రం అందులో మాటలే కనిపిస్తాయి. రెండు వందల ఆటలు ఓడినవాడు తెరిస్తే ప్రతి పేజీలో తన తప్పు కనిపిస్తుంది. హాస్కింగ్‌దే 2006 నాటి ‘క్లాసిక్ షోగి’ ఆటల సంకలనం. అది ఇంకా తర్వాతి మాట.

ఇఫ్లూ పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి 1983లో వచ్చిన రెండు చిన్న పుస్తకాలు. అవొనో తెరుఇచి అనే ప్రొఫెషనల్ రాసినవి, ఇంగ్లీషు చేసింది ఫేర్‌బెర్నే. ‘గైడ్ టు షోగి ఓపెనింగ్స్’, ‘బెటర్ మూవ్స్ ఫర్ బెటర్ షోగి’. రెండింటిలోనూ జపనీస్, ఇంగ్లీషు పక్కపక్కనే ఉంటాయి. భాష చదివేవాడికి ఇంతకన్నా మంచి వాచకం ఏముంది? వాక్యాలు చిన్నవి, అవే క్రియలు పదేపదే వస్తాయి, అర్థం తప్పితే బల్లమీద వెంటనే తెలిసిపోతుంది. ఎక్కడైనా కంటపడితే, షోగి మీద ఆసక్తి లేకపోయినా కొని పెట్టుకోండి.

ఇక అసలు సంగతి, ఆటకట్టు సమస్యలు. జపనీస్‌లో సుమె షోగి అంటారు. దీన్ని వినోదంగా తీసుకునేవాళ్ళు పొరపడుతున్నారు. షోగిలో వ్యాయామం అంటే ఇదే. నియమాలు కొద్దివి. దాడి చేసేవాడి ప్రతి ఎత్తూ షా చెప్పాలి. రాజువాడు వీలైనంతసేపు లాగాలి. పూర్తయ్యేసరికి దాడి చేసేవాడి చేతిలో పావు మిగలకూడదు.

ఒకటి చూద్దాం. నిలువు వరుసలను కుడి నుంచి ఎడమకు 1 నుంచి 9 దాకా, అడ్డ వరుసలను పై నుంచి కిందికి 1 నుంచి 9 దాకా లెక్కపెట్టండి. శత్రురాజు పై అంచున, 5-1 గడిలో ఉన్నాడు. మీ బంటు 5-3లో ఉంది. మధ్యలో 5-2 ఖాళీ. మీ చేతిలో ఒక బంగారు సేనాని. దాన్ని 5-2లో, రాజు నెత్తిమీద దించండి. రాజు దాన్ని కొట్టలేడు, వెనక బంటు కాపలా ఉంది. పక్కలకు జరగలేడు: బంగారం ముందుకు, ముందు రెండు మూలలకు, రెండు పక్కలకు, నేరుగా వెనక్కి, ఇలా ఆరు గడులు కాస్తుంది. 4-1, 6-1, 4-2, 6-2 అన్నీ మూసుకుపోయాయి. ఆటకట్టు. ఇప్పుడు బంగారం బదులు వెండి దించి చూడండి. వెండి పక్కలకు నడవదు. రాజు 4-2కో 6-2కో జారుకుంటాడు. బంగారాన్ని చివరిదాకా చేతిలో దాచుకోవాలని జపాన్ పిల్లలకు మొదటిరోజు చెప్పేది ఇందుకే. ఈ ఒక్క బొమ్మ మనసులో పడ్డాక వంద ఆటల ముగింపులు అర్థమవుతాయి. ఏ ప్రారంభ ఎత్తుల పుస్తకమూ ఒక్క బొమ్మతో ఇంత ఇవ్వదు.

పుస్తకం విషయానికొస్తే, ఉరనో మసహికో కూర్చిన చేతిపుస్తకాలు అందరూ మెచ్చినవి. మూడెత్తులది ఒకటి, ఐదెత్తులది ఒకటి, ఒక్కోదాంట్లో 200 సమస్యలు. జేబులో పడతాయి. తార్నాక నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్ళి వచ్చేవాడు రోజుకు పదైనా చేయగలడు. చదరంగం వాళ్ళు ఇక్కడ ఒక లెక్క సరిచూసుకోవాలి. జపాన్‌లో ఇద్దరి ఎత్తులూ కలిపి లెక్కిస్తారు. మూడెత్తుల సమస్య అంటే మీది, వాడిది, మీది. చదరంగం భాషలో రెండెత్తుల్లో కట్టు. ఇది తెలియక ఐదెత్తుల పుస్తకం చూసి హడలిపోయేవాళ్ళున్నారు. అసలు కొత్తవాళ్ళు ఒక్క ఎత్తు సమస్యలతోనే మొదలుపెట్టాలి. చదరంగంలో రేటింగు ఎంతున్నా సరే.

ఈ సమస్యల ఇంకో సుగుణం, వీటికి కాలదోషం పట్టదు. మూడో ఇతో సోకన్ వంద సమస్యలు 1734 నాటివి. ఆయన తమ్ముడు ఇతో కంజు వంద సమస్యలు 1755 నాటివి. కంజు సంపుటంలో చివరి సమస్య 611 ఎత్తులు సాగుతుంది. ఆ రికార్డును దాటడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. ప్రొఫెషనల్ కావాలనుకునే పిల్లలు ఇప్పటికీ ఆ రెండు సంపుటాలతో కుస్తీ పడతారు. మనం వాటి జోలికి పోనక్కర్లేదు. అవి ఉన్నాయని తెలిస్తే చాలు.

జపనీస్ పుస్తకం అనగానే వెనకడుగు వేస్తారు, తెలుసు. కానీ షోగి పుస్తకం చదవడానికి కావలసిన జపనీస్ ఎంతో లెక్కపెడదాం. పావుల పేర్లకు ఒక్కో అక్షరం, ఎనిమిది. రాజుల్లో ఒకదానికి ఒక చుక్క ఎక్కువ, అది తొమ్మిదోది. పదోన్నతి పొందిన రూపాలు కొన్ని. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. ‘దించాడు’, ‘పదోన్నతి’, ‘అదే గడిలో’, ‘కుడి’, ‘ఎడమ’, ‘పైకి’, ‘వెనక్కి’ లాంటి గుర్తులు. అన్నీ కలిపి ముప్పై దాటి కాస్త ఉంటాయి. అంకెలు, కుడి ఎడమలు, బంగారం అక్షరం ఎన్5 పరీక్షకు చదివే పిల్లలకు మొదటి నెలల్లోనే వస్తాయి. ఎత్తును రాసే తీరు ఇంకా సులువు: నిలువు వరుస మామూలు అంకెలో, అడ్డ వరుస జపనీస్ అంకెలో, ఆ తర్వాత పావు పేరు. ఆటలో తరచుగా కనిపించే మొదటి ఎత్తు 7-6 ఫు. ఏడో నిలువు, ఆరో అడ్డం, బంటు. మూడు అక్షరాల్లో వాక్యం అయిపోయింది. సమస్యల పుస్తకంలో ఉండేదంతా దాదాపు ఇదే.

దీనికి సాక్షి ఫుజీ సోతా. 2002లో సెతో ఊళ్ళో పుట్టాడు. ఐదేళ్ళప్పుడు అమ్మమ్మ ఇచ్చిన సెట్టుతో మొదలుపెట్టాడు. పావుమీదే నడక బాణాలు గీసి ఉండే కుమోన్ వాళ్ళ పిల్లల సెట్టు అది. ఊళ్ళో షోగి బడికి వెళితే అక్కడి గురువు చేతిలో పెట్టింది షోషి కజుహరు రాసిన ‘కోమావోచి జోసెకి’, దాదాపు 500 పేజీల పుస్తకం. పిల్లాడికి ఇంకా చదవడం రాయడం రాదు. ఎత్తుల గుర్తుల్ని పట్టుకుని, బల్లమీద పావులు జరుపుకుంటూ ఏడాదిలో దాన్ని జీర్ణం చేసుకున్నాడు. 2015లో, పన్నెండేళ్ళకు, పెద్దలందరితో పోటీపడి సుమె షోగి జవాబుల పోటీలో మొదటివాడయ్యాడు. 14 ఏళ్ళకు ప్రొఫెషనల్, వచ్చీరాగానే వరసగా 29 గెలుపులు. 2023 అక్టోబరుకల్లా ఎనిమిది బిరుదులూ ఒకేసారి ఆయన చేతిలో ఉన్నాయి. ఆ పిల్లాడి ప్రతిభ మనకు రాదు. అక్షరాలు రాకుండానే గుర్తులతో పుస్తకం నడుస్తుందన్నది మాత్రం మనకూ వర్తిస్తుంది.

అందుకే బొమ్మలు వేసిన ‘అంతర్జాతీయ’ పావులంటే నాకు అంత ఇష్టం లేదు. చిన్నపిల్లలకు సరే. పెద్దవాళ్ళు వాటికి అలవాటుపడితే పుస్తకంలో బొమ్మ చూసినప్పుడల్లా మనసులో తర్జుమా చేసుకోవాల్సి వస్తుంది. వారం కష్టపడితే వచ్చే అక్షరాలకు భయపడి ఏళ్ళ తరబడి ఆ బరువు మోయడం దండగ.

సోతా చదివిన పుస్తకం పేరులోని కోమావోచి అంటే గట్టి ఆటగాడు కొన్ని పావులు వదులుకుని ఆడటం. ఏనుగూ శకటూ రెండూ తీసేసి ఆడతారు. ఇంకా తేడా ఎక్కువుంటే ఈటెలు, గుర్రాలు కూడా తీసేసి ఆరు పావుల వాసి ఇస్తారు. మన చదరంగం క్లబ్బుల్లో ఇలా ఆడదామంటే అవమానంగా తీసుకుంటారు. జపాన్‌లో గురువు శిష్యుడికి నేర్పే దారే ఇది, దీనికి వేరే పుస్తకాలున్నాయి. స్నేహితులిద్దరిలో ఒకరు ముందు నేర్చుకుని ఉంటే సమానంగా ఆడి ఇరవైసార్లు వరసగా ఓడించుకోవడం కన్నా ఇదే మేలు. ఓడేవాడు రెండో వారానికి రావడం మానేస్తాడు కాబట్టి ఆట బతకాలన్నా ఇదే దారి. ఆరు పావుల వాసి ఆటలో దాడి ఎక్కడ మొదలుపెట్టాలో, బంటును ఎలా తోయాలో స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రారంభ ఎత్తుల పుస్తకాలు ఇప్పుడు. ఇవి పెరుగు లాంటివి, రోజులు గడిస్తే పులుస్తాయి. హబు తొంభైల తొలినాళ్ళలో పది సంపుటాలుగా రాసిన ‘హబు నో జునో’ ఆ తరానికి వేదం. 2017లో పొనాంజా అనే ప్రోగ్రాం అప్పటి మెయిజిన్ బిరుదుదారు సతో అమహికోను రెండాటల్లోనూ ఓడించిన కాలానికి అందులో చాలా వరసలు చరిత్రపాఠాలైపోయాయి. ఆటగాళ్ళంతా కంప్యూటర్ సలహాతో పాత కోటలు విప్పి కొత్తవి కడుతున్నారు. కొత్తవాడికి ఇదంతా అనవసరం. ఒక్క ఏర్పాటు పట్టుకుంటే ఏడాది గడుస్తుంది.

నా సలహా, ఏనుగును ఎడమ నుంచి నాలుగో నిలువు వరుసకు జరిపి, రాజును మినో కోటలో కూర్చోబెట్టే షికెన్‌బిషా. ఎదుటివాడు ఏంచేసినా మీ ఏర్పాటు ఇంచుమించు అదే ఉంటుంది. దీనికి ఫుజీ తకెషి (సోతాకు చుట్టం కాడు, 1998లో ర్యూఓ బిరుదు గెలిచినాయన) 2000లో రాసిన మూడు సంపుటాలు, ‘షికెన్‌బిషా ఓ సషికొనసు హోన్’. ఈ పేజీలో ప్రశ్న, తిప్పితే జవాబు, ఆ వెంటనే తర్వాతి ప్రశ్న. పాఠంలా అనిపించదు, ఎదురుగా ఎవరో కూర్చుని అడుగుతున్నట్టుంటుంది. ముప్పై అక్షరాలు వచ్చినవాడికి సగం అందుతుంది, జపనీస్ రెండో ఏడాది చదివేవాడికి అంతా అందుతుంది. ఇంగ్లీషులోనే కావాలంటే 2011 నుంచి నెకోమదో సంస్థ తెచ్చిన ‘జోసెకి ఎట్ ఎ గ్లాన్స్’ వగైరా ఉన్నాయి. రాసింది కితావో మదొకా. బొమ్మలే ఎక్కువ, మాట తక్కువ.

ఈ కితావో మదొకాయే 2008లో పిల్లల కోసం దోబుత్సు షోగి తయారుచేసింది. మూడు గడుల వెడల్పు, నాలుగు గడుల పొడవు. సింహం, జిరాఫీ, ఏనుగు, కోడిపిల్ల. కోడిపిల్ల అవతలి కొసకు చేరితే కోడి అవుతుంది. పావుమీదే చుక్కలు నడక చెబుతాయి. రెండోవాడు తప్పు చేయకుండా ఆడితే 78 ఎత్తుల్లో గెలుస్తాడని కంప్యూటర్ తేల్చేసింది. ఆరేళ్ళ పిల్లలకు ఆ బెంగ అక్కర్లేదు. కొట్టిన పావును తిరిగి దించడం అనే ఒక్క ఊహ అలవాటు కావడానికి పెద్దవాళ్ళు కూడా రెండురోజులు దీన్ని ఆడితే నష్టం లేదు.

తెరమీది సామగ్రి విషయంలో నా అభిప్రాయం ఒక్కమాటలో: నేర్చుకోవడానికి మంచిది, సమయం తినేయడానికి ఇంకా మంచిది. హిదెచ్చి అనే పేరుతో కవసకి తొమొహిదె చేసిన ఇంగ్లీషు పాఠాల వీడియోలు ఫేర్‌బెర్న్ పుస్తకం దొరకనివాళ్ళకు నిజమైన ప్రత్యామ్నాయం. 81 దోజో అనే ఆటస్థలం కట్టిందీ, కితావో పుస్తకాలు ఇంగ్లీషు చేసిందీ ఈయనే. పోలెండ్ అమ్మాయి కరొలీనా స్తిచిన్‌స్కా ‘నరుటో’ చదివి షోగి గురించి తెలుసుకుని, ఇంటర్నెట్లో ఆడుతూ ఎదిగి, 2017లో జపాన్‌కు చెందని మొదటి మహిళా ప్రొఫెషనల్ అయింది. ఆమె నడిపే ‘షోగి హార్బర్’ పాఠాలు శ్రద్ధగా ఉంటాయి. అనిమే చూసి వచ్చారని ఎవరినైనా చులకన చేసే చదరంగం పెద్దలకు ఆమె పేరు చెప్పండి. లిషోగి అనే ఉచిత స్థలంలో సమస్యలు, ఆట తర్వాత ఇంజన్ విశ్లేషణ రెండూ దొరుకుతాయి. ఇంజన్ చెప్పింది వినడానికి ముందు మీరెక్కడ ఓడారనుకుంటున్నారో రాసుకోండి. షోగి వార్స్‌లో జనం ఎక్కువ, తొందరా ఎక్కువ. మొదటి నెల దూరంగా ఉండటం మంచిది. ‘మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్’ అనే మంగా చాలా మంచి కథ. ఆట నేర్పదు.

సెట్టును ఇఫ్లూ, ఓయూ పిల్లలు డబ్బు పోసి జపాన్ నుంచి తెప్పించుకోనక్కర్లేదు. తెందో ఊళ్ళో చెక్కిన చెక్క పావులు చాలా అందంగా ఉంటాయి, ఉద్యోగం వచ్చాక కొనుక్కోవచ్చు. గ్రూప్స్, డీఎస్సీ నోట్సులకు స్పైరల్ బైండింగ్ చేసే షాపులోనే ఇప్పటికి సరిపోయేది తయారవుతుంది. మందపాటి కాగితం మీద 40 పావులు ముద్రించుకోండి: ముందువైపు నలుపు, వెనకవైపు పదోన్నతి పేరు ఎరుపు. రెండువైపులా ఒకేసారి ముద్రిస్తే అక్షరాలు పక్కకు జరుగుతాయి; విడివిడిగా వేసి అతికిస్తే సరిగ్గా కూర్చుంటాయి. ఐదు మూలలు కత్తిరించేటప్పుడు మొన స్పష్టంగా రావాలి, ఆటంతా దానిమీదే ఉంది. రాజు పెద్దగా, బంటు చిన్నగా ఉంటే చేత్తో తీసేటప్పుడే తేడా తెలుస్తుంది. బల్లకు లామినేషన్ చేయించండి, పావులకు వద్దు, జారిపోతాయి.

ఇంత చెప్పాక మిగిలిన లోటు ఒకటి. పైన పేర్కొన్నవన్నీ ఇంగ్లీషులోనో జపనీస్‌లోనో ఉన్నాయి. చదరంగంలో ప్రపంచ స్థాయి ఆటగాళ్ళను ఇచ్చిన తెలుగువాళ్ళకు వాళ్ళ భాషలో చేతికివ్వదగ్గ షోగి పరిచయం ఒక్కటీ నా కంటపడలేదు. ఇఫ్లూ జపనీస్ విభాగం విద్యార్థులకు నా విన్నపం ఇది. నియమాలు, ఆ ముప్పై అక్షరాల పట్టిక, ఒక్క ఎత్తులో ఆటకట్టు అయ్యే యాభై సమస్యలు. ఒక సెమిస్టరు ప్రాజెక్టుకు సరిపోయే పని. బొమ్మలకు సాఫ్ట్‌వేర్ ఉచితం, అచ్చుకు జిరాక్స్ షాపు ఎదురుగానే ఉంది. సమస్యలు ఎవరి పుస్తకం నుంచీ ఎత్తొద్దు, సొంతంగా కట్టండి. బంగారాన్ని రాజు నెత్తిమీద దించేవి కట్టడం అంత కష్టం కాదు. మొదటి ప్రతి ఓయూ లైబ్రరీకి ఇవ్వండి.